సిక్లిడ్ చేపకు ఏం పెడదాం, ఎంత పెడదాం?



పోయిన ఏడాది మా అయిదో తరగతి గదిలో ఒక అక్వేరియం పెట్టుకున్నాం. అందులో కొన్ని పసుపు రంగు చేపలు, కొన్ని నీలం చారల చేపలు. రోజుకొకరు చొప్పున పిల్లలు "ఫీడింగ్ లీడర్" బ్యాడ్జ్ పెట్టుకుని మేత వేసేవారు. షాపతను "ఇవంటే చేపలకు చాలా ఇష్టం మేడమ్" అని ఎండబెట్టిన బ్లడ్ వర్మ్స్ డబ్బా ఇచ్చాడు. నిజంగానే ఎగబడి తిన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ మురిసిపోయాను.

మూడు వారాలు గడిచేసరికి నీలం చారల చేపలు మేత ముట్టడం మానేశాయి. పొట్టలు ఉబ్బాయి. ఒకదాని తర్వాత ఒకటి చనిపోయాయి. పసుపువి మాత్రం బాగానే ఉన్నాయి. ఆ రోజు ఒక పాప నా దగ్గరికి వచ్చి అడిగింది: "మేడమ్, మనం రోజూ పెట్టాం కదా. మరి ఎందుకు చచ్చిపోయాయి?"

బీఈడీలో లెసన్ ప్లాన్ రాయడం నేర్పారు కానీ ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. తర్వాత చదివి, తెలిసినవాళ్ళను అడిగి నేర్చుకున్నాను. మొన్న పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీలో కొందరు మీ ఇంటి ఫ్లవర్‌హార్న్ గురించి, ఆస్కార్ గురించి అడిగారు. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాను.

ముందు చేప పేరు తెలుసుకోండి

సిక్లిడ్ అనేది ఒక చేప పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. అందులో 1,600కు పైగా జాతులు ఉన్నాయి. ఆఫ్రికా సరస్సుల్లో, దక్షిణ, మధ్య అమెరికా నదుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. మన దేశంలోనూ ఉన్నాయి. కేరళవాళ్ళు ఇష్టంగా తినే కరిమీన్ ఒక సిక్లిడ్. చేపల మార్కెట్లో దొరికే తిలాపియా కూడా సిక్లిడే. మన అక్వేరియంలలో పెంచే ఏంజెల్ ఫిష్, డిస్కస్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, ప్యారట్ ఫిష్ అన్నీ ఈ కుటుంబంలోవే.

కుటుంబం ఒక్కటే అయినా తిండి ఒక్కటి కాదు. మన ఇళ్ళలో తాతగారికి ఒక వంట, చంటిపాపకు ఒక వంట ఉన్నట్టే ఇక్కడా తేడాలున్నాయి. కాబట్టి షాపులో "ఏ ఫుడ్ మంచిది?" అని అడిగే ముందు "ఈ చేప పేరేంటి? ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. అసలైన ఎంపిక అక్కడే మొదలవుతుంది.

పేగును బట్టి మేత

మా క్లాసులో చనిపోయినవి డెమసోని అనే చేపలు. ఇవి ఆఫ్రికాలోని మలావి సరస్సు నుంచి వచ్చిన "ఎంబునా" గుంపులోవి. ఈ గుంపులో చాలా చేపలు బండరాళ్ళకు పట్టిన నాచును రోజంతా గీక్కుని తింటాయి. నాచు అరగడానికి సమయం పడుతుంది కాబట్టి వాటి పేగు చాలా పొడవుగా ఉంటుంది. అలాంటి చేపకు రోజూ పురుగులు, మాంసం పెడితే అరుగుదల దెబ్బతింటుంది. పొట్ట ఉబ్బడం, మేత మానేయడం, తెల్లగా దారంలా మలం రావడం కనిపిస్తాయి. చేపలు పెంచేవాళ్ళు దీన్ని "మలావి బ్లోట్" అంటారు. దీనికి మేత ఒక్కటే కారణం కాదు, నీళ్ళు పాడవడం, చేపల మధ్య గొడవల వల్ల వచ్చే ఒత్తిడి కూడా తోడవుతాయి. కానీ మన చేతిలో ఉన్నది ముందు మేతే కదా!

పసుపు రంగు ఎల్లో ల్యాబ్ కూడా మలావి చేపే. కానీ అది సరస్సులో చిన్న చిన్న పురుగులు కూడా తింటుంది. మా ట్యాంకులో అవి తట్టుకోవడానికి అదొక కారణం అనుకుంటున్నాను.

ఆస్కార్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం చేప. అక్కడ అది పురుగులు, రొయ్యలు, నత్తలు, చిన్న చేపలు తింటుంది. కాబట్టి దానికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో లేదు, 1990లలో మలేసియాలో రకరకాల సిక్లిడ్‌లను కలిపి తయారు చేశారు. దానికీ ఆస్కార్ లాంటి మేతే సరిపోతుంది. ప్యారట్ ఫిష్ కూడా మనుషులు తయారు చేసిన రకమే. దాని నోరు పూర్తిగా మూసుకోదు, కొరకడం కష్టం. అందుకే దానికి చిన్న సైజు, నీళ్ళలో మెల్లగా మునిగే గుళికలు వేయాలి.

డబ్బా వెనక్కి తిప్పి చూడండి

పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ కొనేటప్పుడు వెనక ఏం రాశారో చూస్తాం కదా. చేపల మేత కొనేటప్పుడు కూడా అంతే.

1. పదార్థాల పట్టికలో ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్‌కు చేపల పొడి, రొయ్యలు, క్రిల్ ముందు ఉండాలి. ఎంబునాకు స్పిరులినా, ఇతర నాచు పదార్థాలు పై వరుసలో కనిపించాలి. రెండింటికీ గోధుమ పిండి, మొక్కజొన్న మొదట్లో ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టండి.

2. ప్రొటీన్ శాతం చూడండి. ఎంబునాకు సుమారు 35 శాతం, ఆస్కార్ లాంటి పెద్ద చేపలకు 40 నుంచి 45 శాతం ఉన్నవి ఎంచుకోవచ్చు.

3. తేదీ చూడండి. చాలా చేపలు విటమిన్ సి ని తమ ఒంట్లో తయారు చేసుకోలేవు, మేత నుంచే రావాలి. డబ్బా తెరిచాక గాలి, తేమ, వేడి తగిలి ఆ విటమిన్ తగ్గిపోతుంది. కాబట్టి చవక అని కిలో కవరు కొనకండి. రెండు మూడు నెలల్లో అయిపోయే చిన్న డబ్బా కొనండి. ప్లాస్టిక్ కవర్లో విడిగా కట్టి ఇచ్చే మేతకు తేదీ ఉండదు, వద్దనండి.

4. "తల పెద్దదవుతుంది", "వారంలో రంగు వస్తుంది" అనే మాటలకు పొంగిపోకండి. ఫ్లవర్‌హార్న్ తల మీది బుడిపె చాలావరకు పుట్టుకతో వచ్చే లక్షణం. అస్టాజాంథిన్ ఉన్న మేత ఎరుపు రంగుకు సాయం చేస్తుంది, అంతే.

ఇక బతికున్న గోల్డ్ ఫిష్ పిల్లలను ఆస్కార్‌కు వేయడం. పిల్లలకు సరదాగా ఉంటుంది కానీ వద్దు. వాటితో పాటు రోగాలు, పరాన్నజీవులు ట్యాంకులోకి వస్తాయి. పైగా గోల్డ్ ఫిష్ ఒంట్లో విటమిన్ బి1 ను పాడుచేసే పదార్థం ఉంటుంది. మురుగు కాలువల నుంచి తెచ్చే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు కూడా వద్దు.

తల్లిదండ్రులుగా మీరు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. బ్లడ్ వర్మ్స్ కొందరికి ఎలర్జీ తెస్తాయి. ఎండు పొడి చేతికి తగిలితే దురద, ముక్కులోకి వెళితే తుమ్ములు, ఆయాసం రావచ్చు. ఆస్తమా ఉన్న పిల్లల చేత ఆ డబ్బా తెరిపించకండి.

ఇంట్లో చేసుకునే మేత

ఆదివారం పూట పిల్లలతో కలిసి చేయగల పని ఇది. దీనికి చైనా గ్రాస్ వాడుతున్నాం. జెలటిన్ జంతువుల నుంచి తీస్తారు, పైగా మన ఎండలకు కరిగిపోతుంది. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, ఒకసారి గట్టిపడితే ట్యాంకు నీళ్ళలో కరగదు. శాకాహారుల వంటింట్లోనూ ఇబ్బంది ఉండదు.

ఎంబునా కోసం: పాలకూర ఒక చిన్న కట్ట, పచ్చి బఠాణీలు అర కప్పు, స్పిరులినా పొడి ఒక టీస్పూను.

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ కోసం: పొట్టు తీసిన రొయ్యలు 150 గ్రాములు, పచ్చి బఠాణీలు పావు కప్పు, పాలకూర నాలుగైదు ఆకులు.

రెండింటికీ: చైనా గ్రాస్ 6 గ్రాములు, నీళ్ళు 200 మిల్లీలీటర్లు.

పాలకూరను బాగా కడిగి, మరుగుతున్న నీళ్ళలో ఒక నిమిషం ఉంచి తీయండి. బఠాణీలు ఉడికించి పైతొక్క తీసేయండి (ఈ పని పిల్లలకు ఇవ్వండి, చాలా ఇష్టంగా చేస్తారు). రొయ్యలైతే వెనక నల్ల నరం తీసి రెండు నిమిషాలు ఉడికించండి. అన్నీ మిక్సీలో మెత్తగా రుబ్బండి. సుమారు 200 గ్రాముల ముద్ద వస్తుంది.

చైనా గ్రాస్‌ను నీళ్ళలో కాసేపు నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా మరిగించండి. స్టవ్ దగ్గర పని పెద్దవాళ్ళే చేయాలి. కాస్త వేడి తగ్గాక ముద్దలో కలపండి. ముద్ద ఫ్రిజ్‌లో పెట్టి తీసినదైతే చైనా గ్రాస్ వెంటనే ఉండలు కడుతుంది, గోరువెచ్చగా ఉండాలి. స్పిరులినా అన్నింటికన్నా ఆఖరున కలపండి. పళ్ళెంలో పలచగా పోసి, గట్టిపడ్డాక ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుని నెల రోజుల్లో వాడేయండి.

ఉప్పు, కారం, పసుపు, నూనె ఏదీ వేయకూడదు. చికెన్, మటన్ వేయకండి. ఆ కొవ్వు చేపలకు సరిగా అరగదు. అన్నం మెతుకులు, బ్రెడ్, బిస్కెట్ ముక్కలు కూడా వద్దు.

ఒక్క మాట. ఇంటి మేతలో అన్ని విటమిన్లూ సరిపడా ఉండవు. వారానికి రెండు రోజులు ఇది పెట్టి, మిగతా రోజులు మంచి గుళికలు వేయండి.

ఎంత వేయాలి?

మా క్లాసులో జరిగిన రెండో తప్పు ఇదే. లీడర్ ఒక చిటికెడు వేస్తాడు, వాడి స్నేహితుడు ఇంకో చిటికెడు వేస్తాడు, లంచ్‌లో ఇంకెవరో వేస్తారు. చేప అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిస్తే ఆకలేస్తోందని మనం అనుకుంటాం. నిజానికి మనల్ని చూస్తే మేత వస్తుందని అది నేర్చుకుంది.

తినకుండా మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది చేపకు విషం. ఫిల్టర్‌లో పెరిగే మంచి బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్తగా కొన్న చేపలు మొదటి నెలలోనే పోవడానికి ఇది పెద్ద కారణం.

భీమవరం వైపు రొయ్యల రైతులు చెరువులో చెక్ ట్రే వేస్తారు. దాన్ని పైకి తీసి, మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తారు. మనమూ అదే చేద్దాం. రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే, రోజుకు రెండుసార్లు వేయండి. మిగిలితే వలతో తీసేసి, మర్నాడు తగ్గించండి. పెద్ద చేపలకు వారంలో ఒక రోజు మేత మానేసినా మంచిదే. కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే ఆ పూట మేత వేయకండి.

సంక్రాంతికి ఊరెళ్తున్నారా? ఆరోగ్యంగా ఉన్న పెద్ద సిక్లిడ్ నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలదు. వాచ్‌మెన్‌కో పక్కింటివాళ్ళకో డబ్బా మొత్తం అప్పగించకండి. తప్పదంటే రోజుకొక పొట్లం కట్టి ఇవ్వండి.

ఒకవేళ పొట్ట ఉబ్బితే వెంటనే మేత ఆపి, నీళ్ళలో నాలుగో వంతు తీసి, క్లోరిన్ లేని నీళ్ళు పోయండి. ఎవరో చెప్పారని యాంటీబయాటిక్ గోళీలు వేయకండి. చేపల గురించి బాగా తెలిసినవారిని అడగండి.

మీ పిల్లలకు ఏ పని ఇవ్వాలి?

ఇప్పుడు మా క్లాసులో బ్యాడ్జ్ మారింది. "ఫీడింగ్ లీడర్" పోయి "అబ్జర్వేషన్ లీడర్" వచ్చింది. మేత నేను కొలిచి ఇస్తాను. లీడర్ వేసి, గడియారం చూసి, ఏ చేప తింది, ఏది తినలేదు, ఎంత మిగిలింది అని నోట్‌బుక్‌లో రాస్తారు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటారు. చేతికి గాయం ఉన్నవాళ్ళు నీళ్ళలో చేయి పెట్టరు. ఇంట్లో మీరూ ఇలాగే చేసి చూడండి. ఒక చిన్న నోట్‌బుక్, ఒక పెన్సిల్ చాలు.

పోయిన నెల ఒక బాబు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "మేడమ్, మూలన ఉన్న చేప నిన్నా ఇవాళా తినలేదు" అన్నాడు. చూస్తే పెద్ద చేప దాన్ని తరుముతోంది. రాళ్ళు అటూ ఇటూ జరిపి దాక్కోవడానికి చోటు చేశాం. రెండు రోజుల్లో మళ్ళీ తిన్నది.

ఆ రోజు అడిగిన పాపకు ఇప్పుడు జవాబు చెప్పగలను: "రోజూ పెట్టాం నాన్నా, కానీ అది ఏం తింటుందో అడగలేదు. తిన్నాక చూడలేదు." తను ఇప్పుడు ఆరో తరగతికి వెళ్ళిపోయింది. అయినా ఇంటర్వెల్‌లో అప్పుడప్పుడు వచ్చి ట్యాంకు ముందు నిలబడి, నోట్‌బుక్ తిరగేసి వెళ్తుంది.