తోడు లేని ఊళ్లో పెరుగు

బదిలీ మీద కొత్త ఊరు చేరగానే మా ఇంట్లో వచ్చే మొదటి చిక్కు ఇది: పాలు దొరుకుతాయి, తోడు ఉండదు. పెరుగు కావాలంటే ముందు పెరుగు ఉండాలి! పక్కింటివారిని అడిగి ఒక చెంచా తెచ్చుకుంటాం. ఆ తోడు పుల్లనిదైతే మా పెరుగూ పుల్లనిదే.

కంప్యూటర్లలోనూ ఇదే చిక్కు ఉంది. మనుషులు రాసే ప్రోగ్రాముని సోర్స్ కోడ్ అంటాం. దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే కదా! దాన్ని తయారుచేయడానికి ఇంకో కంపైలర్ కావాలి. ఆ తోడే చెడ్డదైతే? యూనిక్స్ నిర్మాతల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ సంగతే చూపించారు. సోర్స్ కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా, కంపైలర్ తాను తయారుచేసే ప్రోగ్రాములో దొంగదారి పెట్టగలదు.

తోడు దొరకనప్పుడు మా అమ్మమ్మ గోరువెచ్చని పాలలో పచ్చిమిరప తొడిమలు వేసేది. మొదటి రోజు పెరుగు పలచగానే ఉండేది. దాన్నే తోడుగా వేస్తే మర్నాటికి గట్టిపడేది. కొందరు ప్రోగ్రామర్లూ ఇలాగే చేశారు. గ్నూ గిక్స్ బృందం 2023లో ప్రకటించిన పద్ధతిలో కంపైలర్ల వరుస 357 బైట్ల ప్రోగ్రాముతో మొదలవుతుంది. తెలుగులో రెండు మూడు చిన్న వాక్యాలు పట్టేంత జాగా అది! మనిషి ప్రతి బైటునూ చదివి సరిచూసుకోవచ్చు. అది తనకంటే కొంచెం పెద్దదాన్ని, అది ఇంకొంచెం పెద్దదాన్ని తయారుచేస్తూ చివరికి జీసీసీ అనే పెద్ద కంపైలర్ దాకా వెళ్తాయి. దీన్ని బూట్‌స్ట్రాపింగ్ అంటారు.

ఏది ముందు, ఏది తరువాత, దేనితో చేయాలి అని వరుసగా రాసిపెట్టేదే బిల్డ్ స్క్రిప్ట్. ఈ వరుసలో మెట్టు దాటవేయడం కుదరదు. జీసీసీ 4.8 తయారు కావాలంటే సి ప్లస్ ప్లస్ కంపైలర్ కావాలి, 4.7కి సి కంపైలర్ చాలు. అందుకే పాతదని 4.7ను పారేయలేరు.

పాత కోడ్ కొత్త యంత్రంలో ఒక్కోసారి ఇమడదు. అప్పుడు మొత్తం తిరగరాయరు. తీసేయాల్సిన వరుసకు - గుర్తు, చేర్చాల్సిన వరుసకు + గుర్తు పెట్టి చిన్న ఫైలు రాస్తారు. అదే ప్యాచ్. దాన్ని అసలు కోడ్‌కు అతికించే 'ప్యాచ్' ప్రోగ్రాముని లారీ వాల్ 1985లో రాశారు. కోడ్ కొత్త వెర్షన్ వచ్చి వరుసలు మారితే పాత ప్యాచ్ అతకదు. మళ్లీ సరిచేయాలి. ఎందుకు పెట్టారో రాసి ఉంటేనే తరువాతివారు ఆ పని చేయగలరు.

ఒక చలి ఊళ్లో మాకు పెరుగు తోడుకోలేదు. అమ్మమ్మ పద్ధతి మార్చలేదు, వంటల పుస్తకంలో ఆ పేజీకి ఒక చీటీ అంటించాం: "ఇక్కడ చలి ఎక్కువ. రాత్రి గిన్నెకు దుప్పటి చుట్టాలి." అదీ ప్యాచే!

విద్యార్థులారా, మీరూ ఊళ్లు మారుతుంటారు. ఏదైనా చిక్కు విప్పితే, ఏ వరుసలో చేశారో, ఎందుకు చేశారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. మీ తరువాత ఆ బెంచీలో కూర్చోబోయే కొత్త విద్యార్థికి అది తోడవుతుంది.