మీట వదలినను ఆగని గొలుసు రంపము

వేగపు మీట వదలిన పిదప రంపపు ఇంజను నెమ్మదిగా నడువవలెను, గొలుసు కదలరాదు. నిమిషమునకు సుమారు 2,800 చుట్లుండవలసిన వేగము బాగుగా హెచ్చినచో, క్లచ్చి పట్టుకొని గొలుసు తిరుగును. కాలి చెంత దించిన రంపమట్లు తిరుగుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

పెక్కురు వెంటనే కార్బురేటరు మరమేకును త్రిప్పుదురు. మేము మొదట గాలి ఫిల్టరును శుభ్రపరచి, మీట పూర్తిగా వెనుకకు వచ్చుచున్నదో లేదో చూతుము. పిదపనే మరమేకును ఎడమకు కొంచెము కొంచెముగా వదలుదుము. అప్పటికిని వేగము నిలుకడ లేక, రంపమును ప్రక్కకు వంచినప్పుడెల్ల మారుచున్నదా? కార్బురేటరు వెనుకనున్న రబ్బరు గొట్టము చిట్లియో, క్రాంకు సీళ్లు అరిగియో బయటి గాలి చొరబడుచుండవచ్చును. ఈ టూ స్ట్రోకు ఇంజనులో నూనె పెట్రోలుతోనే లోనికి పోవును గదా! గాలి హెచ్చినకొలది వేడిమి పెరిగి, పిస్టను సిలిండరునకు పట్టివేయును. అట్టి రంపమును మరమేకుతో సర్దుకొని వాడుట మాకు సమ్మతము కాదు. గొట్టమో సీలో మార్పించిన తరువాతనే సవరణ.