ఒక గిటారు, రెండు ఆంప్లిఫయర్లు, ఒకే ఎర్తు

దేవుని మందిరములో వాయిద్యాలు ఉండవచ్చునా అనే ప్రశ్న మన సంఘాలలో ఎప్పుడో తీరిపోయింది. నూట యాభైయవ కీర్తనలో తంతివాద్యాలకు చోటున్నది. నెమ్మది లేక బాధపడుతున్న సౌలు రాజుకు దావీదు సితారా వాయించి సేదదీర్చిన సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు మన యింటి యౌవనస్థులు అడుగుతున్న ప్రశ్న వేరు. "గిటారును రెండు ఆంప్లిఫయర్లకు కలుపుకుంటాము, కాలితో నొక్కే స్విచ్చి పెడలు కొనిపెట్టండి" అంటున్నారు. తలిదండ్రులకు, సంఘ పెద్దలకు ఇది క్రొత్త మాట. వద్దంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. సరేనంటే ఏమి కొనాలో, అందులో ఏ అపాయమున్నదో తెలియదు. అందుచేత ఈ నెల ఈ సంగతిని మేము కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

హార్మోనియం నుండి గిటారు వరకు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలు. ఆనాటి నుండి మూడు జిల్లాలకు కేంద్రాలు. ఈ ప్రాంతములో మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు ఎంతో కాలము సువార్త పని చేశారు. నాగర్‌కర్నూలు, వనపర్తి వారి పాత మిషను స్టేషన్లు. ఆనాటి ఆరాధనకు కరెంటుతో పనిలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చేతబట్టుకొని, హార్మోనియం, డోలక్కు, తాళాలతో పాడుకునేవారు. హార్మోనియం తిత్తిని ఆడించేది మనిషి చెయ్యి, డోలక్కును మ్రోగించేది మనిషి అరచెయ్యి. ఆ వాయిద్యాల వలన ఎవరి ప్రాణానికీ అపాయము లేదు.

ఎలక్ట్రిక్ గిటారు అలాంటిది కాదు. దాని ఉక్కు తీగల క్రింద అయస్కాంతము, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. దానిని పికప్ అంటారు. తీగ కదిలినప్పుడు ఆ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దానినే ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు అందిస్తుంది. గిటారు తీగలు, కేబులు లోపల అల్లిన రాగి జాలీ, ఆంప్లిఫయరు లోహపు చట్రము, ఈ మూడూ సాధారణంగా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా తేలికగా తెలుస్తుంది.

ఈ పెడలు చేసే పని ఏమిటి?

జూరాల కాలువ క్రింద సేద్యము చేసేవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లకాలువ రెండు మడులకు చీలే చోట రైతు ఒక మడికి నీరు కట్టి, రెండవ దానికి విడుస్తాడు. కావాలంటే రెండింటికీ విడుస్తాడు. స్విచ్చి పెడలు చేసేది అదే. గిటారు కేబులు ఒక రంధ్రములోనికి వస్తుంది. రెండు కేబుళ్లు రెండు ఆంప్లిఫయర్లకు పోతాయి. ఒకసారి నొక్కితే మొదటిది పలుకుతుంది, మరల నొక్కితే రెండవది పలుకుతుంది. ఇంకొక స్విచ్చి నొక్కితే రెండూ కలిసి పలుకుతాయి. అందుకే దీనిని ఎ-బి-వై పెడలు అంటారు. ఆ ఆంగ్ల అక్షరము 'వై' ఆకారములోనే ఒకటి రెండుగా చీలడం కనబడుతుంది. జపాను వారి బాస్ కంపెనీ 1991లో తెచ్చిన లైన్ సెలెక్టరు వంటివి ఈ కోవకు చెందినవే.

రెండు ఆంప్లిఫయర్లు ఎందుకు? ఒక దానిని మెత్తగా, తేటగా పలికేట్లు పెట్టుకుంటారు. అది ప్రార్థన సమయానికి, ప్రభువు బల్ల పాటలకు. రెండవదానిని గట్టిగా, కొంచెం గరుకుగా పెట్టుకుంటారు. అది స్తుతి పాటలకు. పాట మధ్యలో వంగి మీటలు త్రిప్పకుండా, కాలితో ఒక్క నొక్కు నొక్కితే ధ్వని మారుతుంది. చేతులు తీగలపైనే ఉంటాయి. ఉద్దేశములో తప్పేమీ లేదు.

ఎదురయ్యే మూడు చిక్కులు

మొదటిది, ధ్వని మందగించడం. లోపల ఏ ఎలక్ట్రానిక్ భాగాలూ లేని చవక పెడలుతో రెండు ఆంప్లిఫయర్లనూ ఒకేసారి కలిపితే, గిటారు బలహీనమైన సంకేతము రెండింటినీ మోయవలసి వస్తుంది. పై స్వరాలలో మెరుపు కొంత తగ్గుతుంది. బఫరు అనే చిన్న సర్క్యూటు ఉన్న పెడలు ఈ లోటును తీరుస్తుంది. దానికి బ్యాటరీగాని, అడాప్టరుగాని కావాలి.

రెండవది, గుయ్యిమనే రొద. రెండు ఆంప్లిఫయర్లు గోడ ప్లగ్గుల ద్వారా భూమికి కలిసి ఉంటాయి. పెడలు ద్వారా, కేబుళ్ల జాలీల ద్వారా మరల ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఇలా ఒక వలయము ఏర్పడుతుంది. మన కరెంటు క్షణానికి 50 మార్లు ఊగుతుంది గనుక, ఆ ఊపు ఈ వలయములో ప్రవేశించి రొదగా వినబడుతుంది. ఇంగ్లీషులో దీనిని గ్రౌండ్ లూప్ అంటారు.

మూడవది, రెండూ ఒకదానికొకటి ఎదురు పలకడం. కొన్ని ఆంప్లిఫయర్లు సంకేతాన్ని తలక్రిందులు చేస్తాయి. అప్పుడు ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండవది వెనుకకు లాగుతుంది. ఒకే కాడికి కట్టిన ఎద్దులు చెరొక వైపు లాగినట్లే. రెండు పెట్టెలు మ్రోగుతున్నా ధ్వని పల్చబడి, మంద్రస్వరము మాయమవుతుంది. పెడలుపై పొలారిటీ స్విచ్చి ఉంటే దానిని మార్చి, నిండుగా వినబడే వైపు ఉంచితే సరిపోతుంది.

మొదటి, మూడవ చిక్కులు చెవికి మాత్రమే ఇబ్బంది. రెండవ దానికి కొందరు చేసే వైద్యమే ప్రాణము మీదికి తెస్తుంది.

ఆ లావు పిన్నును తీసివేయవద్దు

రొద పోవాలని కొందరు ఒక ఆంప్లిఫయరు మూడు పిన్నుల ప్లగ్గులో పై లావు పిన్నును విరిచివేస్తారు, లేదా ఎర్తు వైరును లోపలే కత్తిరిస్తారు. రొద నిజంగానే తగ్గవచ్చు. అందుచేత అది సరియైన పని అనిపిస్తుంది. కాని జరిగినదేమిటో చూడండి. ఆ ఆంప్లిఫయరుకు ఇప్పుడు భూమితో ఉన్న సంబంధమంతా పెడలు ద్వారా పోయే ఒక సన్నని గిటారు కేబులు మాత్రమే. ఎవరి కాలైనా తగిలి ఆ కేబులు ఊడితే ఆ సంబంధము కూడా తెగిపోతుంది. లోపల ఫేజు వైరు చట్రానికి తగిలిన రోజున దాని లోహమంతటిలో 230 వోల్టులు నిలుస్తాయి. ఆ కేబులు ఊడకపోతే పెడలు ద్వారా గిటారు తీగల వరకు కూడా అదే ప్రమాదము వ్యాపించవచ్చును. వాయించేవాడు చేతులతో తీగలు పట్టుకొని, పెదవులను మైకుకు ఆనించి పాడుతాడు. మైకు వేరొక ఆంప్లిఫయరు ద్వారా భూమికి కలిసి ఉంటుంది. కరెంటు చేతుల నుండి గుండె మీదుగా పెదవులకు దారి చేసుకుంటుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 1972 మే 3న వేల్సు దేశములోని స్వాన్‌సీలో లెస్లీ హార్వే అనే గిటారు వాద్యకారుడు వేదికపై, సరియైన ఎర్తు లేని మైకును తాకి మరణించాడు. సంఘములలోనూ ఇలాంటి విషాదము జరిగింది. 2005 అక్టోబరు 30, ఆదివారము, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రము వేకో పట్టణములో యూనివర్సిటీ బాప్టిస్టు సంఘ కాపరి కైల్ లేక్ బాప్తిస్మమిచ్చే తొట్టి నీళ్లలో నిలిచి మైకును సరిచేయబోయి, విద్యుదాఘాతముతో ప్రాణము విడిచారు. ఆయన చేతిలో గిటారు లేదు. అయినా తడి శరీరము, మైకు, కరెంటు కలిసిన చోట ఏమి జరుగునో ఆ సంఘము కన్నులారా చూచింది.

మన పల్లెలలో ఇంకొక అపాయమున్నది. మూడు ఫేజుల లైను ఉన్న చోట ఒక ఆంప్లిఫయరును మందిరము గోడ ప్లగ్గుకు, రెండవదానిని ప్రక్క యింటి నుండి తెచ్చిన వైరుకు తగిలిస్తారు. ఆ రెండూ వేర్వేరు ఫేజులైతే వాటి మధ్య 400 వోల్టుల తేడా ఉంటుంది. మోటారు స్టార్టరు దగ్గర జాగ్రత్తపడే రైతు, పందిరి క్రింద తన కుమారుడు వాయించే చోట కూడా అంత జాగ్రత్తపడాలి.

చేయవలసినది

• రెండు ఆంప్లిఫయర్లు, పెడలు అడాప్టరు, మైకు ఆంప్లిఫయరు అన్నిటినీ మంచి ఎర్తు ఉన్న ఒకే చోటి ప్లగ్గు నుండి, మూడు పిన్నుల బోర్డుతోనే తీసుకోవాలి. ఆ బోర్డు అంత లోడును మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగాలి.

• రొదకు వైద్యము పెడలులోనే ఉండాలి. ఒక దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పెడలును కొనండి. అది సంకేతాన్ని అయస్కాంత శక్తి ద్వారా అవతలికి పంపి, రెండు జాలీల సంబంధాన్ని విడదీస్తుంది. వలయము తెగుతుంది, రొద ఆగుతుంది. గోడ ఎర్తు మాత్రము రెండింటికీ చెక్కుచెదరక ఉంటుంది.

• మందిరము ఎర్తు గుంట ఎండిపోయిందేమో చూడండి. వేసవిలో నీరు పోయాలి. ఏడాదికొకసారి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి.

• మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు దారితప్పి మనిషి గుండా పోతే అది రెప్పపాటులో లైను తెంచుతుంది. దాని టెస్టు బటనును అప్పుడప్పుడు నొక్కి చూడాలి.

• వాయించే ముందు మైకు జాలీకి, గిటారు తీగకు టెస్టరు తాకించండి. వెలిగితే ఎవరూ ముట్టవద్దు, మెయిను కట్టివేయండి. వెలగనంత మాత్రాన ఎర్తు బాగున్నదని అనుకోవద్దు.

• బాప్తిస్మపు నీళ్ల దగ్గరకు వైరున్న మైకును రానీయవద్దు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము చదవండి. క్రొత్త యిల్లు కట్టేవాడు, పైనుండి ఎవరూ పడిపోకుండునట్లు పైకప్పుకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఆ గోడ వలన యింటికి అందము రాదు, ధాన్యము పెరగదు. కాని అది లేక ఒకడు పడితే ఆ నేరము యింటివానిదే. ప్లగ్గులోని ఆ లావు పిన్ను మన మందిరానికి పిట్టగోడ. దానిని తీసే అధికారము పాటల బృందానికి లేదు, పెద్దలకూ లేదు.

చిన్న సంఘానికి ఇది అవసరమా?

చాలా చోట్ల అవసరము లేదనే మేము చెబుతాము. అనేక ఆంప్లిఫయర్లలో రెండు ఛానళ్లు ఉంటాయి. ఒకటి మెత్తనిది, ఒకటి గట్టిది. ఆంప్లిఫయరుకు తగిన ఫుట్ స్విచ్చితో వాటిని మార్చుకోవచ్చు. వెడల్పైన ధ్వని కావాలన్నా రెండు పెట్టెలే ఉండనక్కరలేదు. రోలాండ్ కంపెనీ 1975లో తెచ్చిన జె.సి.-120లో ఒకే పెట్టెలో రెండు ఆంప్లిఫయర్లు, రెండు స్పీకర్లు ఉన్నాయి. డబ్బు కొద్దిగా ఉన్న సంఘము రెండవ ఆంప్లిఫయరు కంటే ముందు ఎర్తు గుంట త్రవ్వించి, మంచి వైరింగు చేయించుకోవాలి. అది కానుక ఇచ్చినవారి సొమ్మును గౌరవించడం కూడా.

పొరుగువాని చెవి

చెన్నైలోని ఒక పెంతెకొస్తు సంఘము మీద ఇరుగుపొరుగు వారు వేసిన కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ఆ మందిరములో డ్రమ్ములు, గిటారు వంటి వాయిద్యాలున్నవి. 2000 ఆగస్టు 30న ఇచ్చిన తీర్పులో, ఇతరుల నెమ్మదిని చెరిపి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని కోర్టు స్పష్టము చేసింది. అదే సంవత్సరము వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము లౌడుస్పీకరుకు అధికారుల అనుమతి కావాలి. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బయట దానిని వాడకూడదు. నివాస స్థలాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రెండు ఆంప్లిఫయర్లు ఒక్కసారే మ్రోగినప్పుడు ఈ హద్దు ఎంత సులభంగా దాటుతామో ఆలోచించండి. గోడ అవతల జ్వరముతో పడుకున్న వృద్ధురాలు, పరీక్షకు చదువుకునే పిల్ల కూడా మన సాక్ష్యమును వింటున్నారు.

యౌవనస్థులారా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పౌలు వాయిద్యముల సంగతి ఎత్తాడు. స్వరాలలో తేడా తెలియకపోతే వినేవారికి ప్రయోజనమేమిటన్నది అతని ప్రశ్న. మీ గిటారుకు కూడా అదే కొలత. వెనుక బల్లమీద కూర్చున్న అవ్వకు పాటలోని మాట వినబడుతున్నదా? వినబడితే మీ పెడలు మంచి పని చేసినట్లే. వినబడకపోతే కాలు తీసి, ధ్వని తగ్గించండి.

పెద్దలారా, ఈ వారములో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మందిరములోని ప్రతి ప్లగ్గును, ప్రతి ఎర్తు వైరును చూపించండి. విరిగిన పిన్ను కనబడితే, దానిని మార్చేవరకు ఆ పెట్టెకు కరెంటు ఇవ్వవద్దు. ఒక్క ఆదివారము గిటారు లేక డోలక్కుతో పాడినా దేవుడు ఆ స్తుతిని అంగీకరిస్తాడు.