సైకిలు చక్రమున విరిగిన చువ్వలు - బాగుచేసికొను విధము

మోటారుబండ్లు ప్రబలిన ఈ దినములలో సైతము పాలు, కూరగాయలు పట్టణమునకు చేర్చు మన సభ్యులలో పలువురకు సైకిలే బండి, సైకిలే యెడ్లు. దాని చక్రమున నొక చువ్వ విరిగినచో "అన్నిటిలో ఒకటియే గదా" యని ఉపేక్షించుట మనవారి వాడుక. అది యెంత నష్టమునకు దారితీయునో, దానిని మనమే యెట్లు బాగుచేసికొనవచ్చునో ఇచ్చట వివరించెదను.

కొంతకాలము క్రిందట ఒక వేకువజామున నేను ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము గుండ తార్నాకకు పోవుచుంటిని. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల భవనము దాటి కొంత దూరము పోవునప్పటికి, ఒక పాలరైతు సైకిలును బాట ప్రక్కకు దించి నిలుచుండెను. వెనుక చక్రమున మూడు చువ్వలు తెగియుండెను. రిమ్ము వంకరపోయి టైరు ఫోర్కుకు రాచుకొనుచుండెను. క్యారియరుకు ఇరుప్రక్కల ఇరువదేసి లీటర్ల క్యానులు రెండు. అందలి పాల బరువే సుమారు 41 కిలోలు. "మొదటి చువ్వ విరిగి నెల దాటినదయ్యా. నడచుచున్నది గదా యని ఊరకుంటిని" అని యతడు చెప్పెను. మరమ్మతు దుకాణము తెరచునప్పటికి ప్రొద్దెక్కెను. ఒక క్యాను పాలు పాడయ్యెను. చువ్వ విరిగినందున పాలు విరిగినవి.

ఒకటి విరిగిన పిదప తక్కినవి ఏల విరుగును? మన యెడ్లబండి చక్రపు ఆకులు లావైన కొయ్యలు. అవి స్తంభములవలె బరువును మోయును. సైకిలు చువ్వ సన్నని తీగ, నొక్కినచో వంగిపోవును. కావున చువ్వలన్నిటిని ముందుగనే ఇరుసునుండి రిమ్మునకు బిగలాగి యుంచుదురు. చక్రము తిరుగునపుడు నేలవైపునకు వచ్చిన చువ్వకు బిగువు కొంత తగ్గి, పైకి లేచినపుడు మరల కలుగును. 28 అంగుళముల చక్రము కిలోమీటరునకు సుమారు 450 సారులు తిరుగును. పది కిలోమీటర్ల ప్రయాణములో ప్రతి చువ్వకు ఈ సడలింపు, బిగింపు 4500 సారులు జరుగునన్నమాట. చువ్వ వదులుగా నున్నచో బిగువు పూర్తిగా పోయి, మరల చటుక్కున తగులుచుండును. తీగను అటునిటు పలుమారు వంచిన తెగునట్లు, అది హబ్బు వద్ద వంపులో తెగును. చువ్వలు మిక్కిలి బిగువుచే తెగుటకంటె వదులుచే తెగుటయే హెచ్చు. సంఘమున బాకీ చెల్లింపని సభ్యుని భారము తక్కినవారిపై పడునట్లు, తెగిన చువ్వ భారము ఇరుగుపొరుగు చువ్వలపై పడును.

దారిలో చువ్వ విరిగినచో ముందుగా బరువు దింపవలెను. విరిగిన ముక్క గొలుసులోగాని ఫోర్కులోగాని చిక్కుకొనకుండ తీసివేయవలెను, లేదా ప్రక్క చువ్వకు చుట్టవలెను. అటుపిమ్మట సైకిలును నడిపించుకొని పోవుటయే మేలు.

ఇంటివద్ద మరమ్మతు చేయు క్రమమిది. చక్రమును ఊడదీసి టైరు, ట్యూబు, రిమ్ము పట్టీ తొలగింపుడు. పాత చువ్వను అంగడికి కొనిపోయి అదే పొడవు, అదే లావు గల దానిని తెండు. విరిగినది ఫ్రీవీలు వైపుదైనచో ఫ్రీవీలును విప్పింపవలసి యుండును. చువ్వలు ఒకదానినొకటి దాటుచు ఏటవాలుగా నుండును. 1874లో ఇంగ్లండు దేశపు జేమ్స్ స్టార్లీ ప్రచారమునకు తెచ్చిన పద్ధతి యిది. తొక్కుడు బలము హబ్బునుండి రిమ్మునకు చక్కగా అందుటకై ఏర్పడినది. కావున క్రొత్త చువ్వను తోచినట్లు దూర్చరాదు. రిమ్ము మీద విరిగినదాని చోటునుండి లెక్కించి నాలుగవ చువ్వను చూడుడు. అది ఏ దారిని పోయినదో, దేనిపైగా, దేని క్రిందుగా పోయినదో, క్రొత్తదియు నట్లే పోవలెను.

మరలపై ఒక బొట్టు నూనె వేసి నిపులు ఎక్కింపుడు. టైరు వైపునుండి చూచినచో గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పగా బిగియును. ఇరుసు వైపునుండి చూచువానికి అది ఎదురు దిక్కుగా తోచును. ఇందు పొరపడి చక్రమును పాడుచేసికొన్నవారు పెక్కుమంది. చువ్వ కొన నిపులు తలను మించి పొడుచుకొని వచ్చినచో ఆకురాయితో అరగదీయుడు. లేనిచో ట్యూబును పొడుచును.

ఇక బెండు తీయుట. చక్రమును ఫ్రేములో బిగించి సైకిలును తలక్రిందులుగా నిలుపుడు. ఫోర్కుకు ఆనించి సుద్దముక్కను పట్టి చక్రమును మెల్లగా త్రిప్పుడు. సుద్ద అంటినచోట రిమ్ము ఆ వైపునకు వంగినదని గ్రహింపుడు. ఎడమకు వంగినచో అచ్చటి కుడి చువ్వలను పావు చుట్టు బిగించి, ఎడమ చువ్వలను పావు చుట్టు వదలింపుడు. కుడికి వంగినచో ఇందుకు వ్యతిరేకముగ చేయుడు. రిమ్ము వెలుపలికి ఉబ్బినచోట ఇరువైపుల చువ్వలను సమముగ బిగింపుడు. ఒకేసారి హెచ్చుగా త్రిప్పరాదు. పావు చుట్టు త్రిప్పుట, మరల చూచుట, ఇదియే పని. తుదకు ఒక్కొక్క ప్రక్క చువ్వలను వ్రేలితో మీటి వినుడు. ఒకే ప్రక్కనున్నవి ఇంచుమించు ఒకే స్వరము పలుకవలెను. మందముగ పలుకునది వదులైనది. రేపు విరుగబోవునదియు అదియే.

క్రొత్త చువ్వ వేసిన కొలది దినములకు మరల మీటి చూచుట అవసరము. ఒకటి వేయగనే వేరొకటి విరుగుచున్నచో చువ్వలన్నియు అలసినవని తెలిసికొని, మొత్తము మార్పించుటయే లాభము.

ప్రతి సంఘమునందును ఒక స్పోకు పానా, కొన్ని చువ్వలు, నిపుళ్లు ఉంచినచో సభ్యులకు మిక్కిలి ఉపకరించును. సభ్యులు వారమునకొకసారి పాలక్యానులు కట్టుటకు ముందు చక్రమును మీటి చూతురు గాక. అందులకు పట్టునది రెండు నిమిషములే.