కారు లేకపోతేనేం!

ఉద్యోగం రాగానే కారు... పెళ్లిచూపుల్లో మొదటి ప్రశ్న కారు... పక్కింటివాళ్లు కొన్నారని మనకూ కారు! అది లేకపోతే హైదరాబాద్ లాంటి నగరంలో రోజు గడవదా? కాస్త లెక్క వేసుకుంటే గడుస్తుంది.

ఆఫీసుకు వెళ్లి రావడానికి రోజూ 2 గంటలు వాడే కారు, మిగతా 22 గంటలూ నీడ వెతుక్కుంటూ నిలబడే ఉంటుంది. నెలవాయిదా, బీమా మాత్రం ఆగవు. ఆ డబ్బు మిగిలితే పిల్లల ఫీజుకో, అమ్మానాన్నల మందులకో అక్కరకొస్తుంది.

27 బస్సులతో మొదలై...
సొంత వాహనం లేనివారిని గమ్యం చేర్చడం ఈ నగరానికి కొత్తేమీ కాదు. 1932లోనే నిజాం రైల్వే 27 బస్సులతో ప్రజారవాణాకు శ్రీకారం చుట్టింది. 2003లో ఎంఎంటీఎస్ పట్టాలెక్కింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు 29 కిలోమీటర్లు. ఎర్రదీపాల గొడవ లేకుండా గంటలోపే చేరుకోవచ్చు. మరి కారులోనో? అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్లు దయతలిస్తేనే!

కిటుకంతా కలుపుకోవడంలోనే ఉంది. భరత్‌నగర్, మలక్‌పేటల్లో ఎంఎంటీఎస్, మెట్రో స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. కరీంనగర్ బస్సు దిగినవారు జేబీఎస్‌లో మెట్రో ఎక్కితే నేరుగా ఎంజీబీఎస్‌కు వెళ్లి విజయవాడ బస్సు అందుకోవచ్చు. శంషాబాద్ విమానాశ్రయానికి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. ఎంఎంటీఎస్ విషయంలో మాత్రం ఓ జాగ్రత్త... వేళలు ముందే చూసుకోవాలి. ఒకటి తప్పిపోతే తర్వాతి రైలు కోసం చాలాసేపు ఎదురుచూపులే.

ఆమెకు జీరో టికెట్
2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ చూపిస్తే చాలు, కండక్టర్ చేతిలో జీరో టికెట్ పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఈ సదుపాయం వచ్చింది. ఇళ్లల్లో పనిచేసే మహిళకు అది నెలనెలా మిగిలే సొమ్ము. దూరమని వదులుకున్న పనిని మళ్లీ ఒప్పుకునే ధైర్యం. రద్దీ పెరిగింది నిజమే. దానికి మందు మరిన్ని బస్సులే.

ఆ చివరి కిలోమీటరే...
అసలు చిక్కు స్టేషన్ దిగాకే మొదలవుతుంది. కాలిబాట మీద తోపుడుబండి, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, ఆ పక్కనే ఆపిన బైకు! మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన రోడ్డు మీదికి దిగక తప్పదు. వాన పడితే ఆటో డ్రైవర్ అడిగిందే ధర. రాత్రి పొద్దుపోతే ఆడపిల్ల ఇల్లు చేరేదాకా తల్లికి గుబులే. నిజానికి చాలామందితో కారు కొనిపిస్తున్నది దూరం కాదు, ఈ కాస్త దారే.

అందుకే అద్దె ఇల్లు వెతికేటప్పుడు పార్కింగ్ ఉందా అని అడిగేముందు, బస్టాప్‌దాకా ఓసారి నడిచి చూడండి. వీలైతే చీకటి పడ్డాక! ఆ దారి బాగుంటే రోజువారీ ప్రయాణాలకు దిగుల్లేనట్టే. పెళ్లికో, తీర్థయాత్రకో ఇంటిల్లిపాదీ కదలాల్సి వచ్చిందా... ఆ ఒక్కరోజుకీ అద్దె కారు ఉండనే ఉంది.