మీకు తెలుసా? మనిషి ఎత్తు ఎన్ని తలలు?

నిలబడ్డ మనిషి ఎత్తు తన తలకు దాదాపు ఏడున్నర రెట్లు. బొమ్మలు నేర్పే పుస్తకాలు అందం కోసం దాన్ని ఎనిమిది చేస్తాయి. కొత్తగా పెన్సిల్ పట్టినవాళ్ల బొమ్మ మాత్రం తరచూ ఐదారు తలల దగ్గరే ఆగిపోతుంది. మొహం మీద మన మోజు అలాంటిది: తల పెద్దదైపోతుంది, కాళ్లకు కాగితం చాలదు.

మణికట్టును గడ్డానికి ఆనించి అరచేతిని మొహం మీద పెట్టుకోండి. నడివేలి కొస ఇంచుమించు జుట్టు మొదలయ్యే చోటికి చేరుతుంది. మన శిల్పుల 'తాలం' ఇదే. ఒక తాలానికి 12 అంగుళాలు. స్కేలు మీది అంగుళాలు కావు, విగ్రహాన్ని బట్టి మారేవి. శివుడికీ విష్ణువుకూ ఉత్తమ దశతాలం, అంటే పది తాలాలకు కాస్త ఎక్కువగా 124 అంగుళాలు. వినాయకుడికి ఐదు తాలాలే, అందుకే ఆ బొద్దుతనం! ఇక రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రెండువేల ఏళ్ల కిందట రాసిన లెక్కలో ముఖం ఎత్తులో పదోవంతు, తల ఎనిమిదోవంతు. పది ముఖాలన్నా ఎనిమిది తలలన్నా దాదాపు ఒకటే ఎత్తు.

కళ్లు తలకు దాదాపు సగంలో ఉంటాయి. నమ్మకపోతే అద్దంలో కొలుచుకోండి.

ఈ కొలతలు నేర్చుకుని, తర్వాత వాటిని దాటిపోయినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ నారాయణగూడలోని 'సుధర్మ' చిత్రకారుడు పి.టి. రెడ్డి (1915–1996) ఇల్లు. కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టిన ఆయన చదివింది బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో. మనిషిని చూసి కొలిచి గీయడం నేర్పే బడి అది. తర్వాత ఆయనే తాంత్రిక చిత్రాల వైపు మళ్లారు. కొలత చేతికొచ్చాక వదిలేయడం వేరు, రాక వదిలేయడం వేరు.

పిల్లల లెక్క వేరు: పుట్టిన బిడ్డ పొడవులో తలే నాలుగోవంతు. పెద్దల కొలతతో పిల్లల్ని వేస్తే కుదించిన పెద్దమనుషుల్లా తేలతారు. కొన్ని క్యాలెండర్లలో బాలకృష్ణుడి అవస్థ ఇదే.

సాధనకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. గ్రూప్స్‌కి చదివేవాళ్లంత కదలని మోడళ్లు ఎక్కడ దొరుకుతారు? చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొసను నడినెత్తికీ బొటనవేలి గోరును గడ్డానికీ సరిపెట్టండి. ఆ కొలతతో కిందికి దిగండి. బాసింపట్టు వేసుకున్నవాళ్లు నాలుగు తలలు, కుర్చీలో నిటారుగా కూర్చున్నవాళ్లు ఆరుకు కాస్త అటూఇటూ. పుస్తకం మీదికి వంగితే మెడ కనిపించదు. ఉందని తెలిసినా గీయకండి. మోచేయి మాత్రం వంచొద్దు, వంగితే కొలతంతా మళ్లీ మొదటికొస్తుంది.