యంత్రములను పలుకరించు యంత్రము

నెల మొదటి దినములలో పల్నాటిలోని గురజాల ప్రాంతమందలి ఏ చౌకధరల దుకాణము ముంగిట నిలిచి చూచినను, బియ్యపు బస్తాలును కాటాయు సిద్ధముగనే యుండగా, పంపిణీ యంతయు అరచేతిలో ఇముడు నొక చిన్న యంత్రము సమాధానమునకై వేచియుండుట కానవచ్చును. కార్డుదారు దానిపై వ్రేలు నొక్కును. డీలరు తెరవంక చూచును. సమాధానము వచ్చినచో తూకము మొదలగును, రానిచో "సర్వర్ రావడం లేదమ్మా, కాసేపాగి రా" అనుట తప్ప అతడు చేయగలిగినది లేదు. ఆ సర్వరు ఏది, ఎచ్చట నున్నది, నిజముగా చెడినది అదియేనా అను ప్రశ్నలకు బదులు చెప్పుటకై పుట్టి పెరిగిన విద్య యొకటి కలదు. దాని జీవితకథ సామాన్యులును తెలిసికొనదగినది.

ఆంధ్రప్రదేశమున 2015 నుండి చౌకదుకాణములకు వచ్చిన ఈపాస్ యంత్రము ఒంటరిగా పనిచేయునది కాదు. అది గ్రహించిన వ్రేలిముద్ర గూఢలిపిలోనికి మారి, సిమ్‌కార్డు ద్వారా సెల్‌టవరునకును, అచ్చటినుండి రాష్ట్రపు సర్వరునకును, అచ్చటినుండి ఆధార్ ధ్రువీకరణ సర్వరునకును చేరవలెను. ఆధార్ సమాచార కేంద్రములు బెంగుళూరునందును, హర్యానాలోని మానేసర్‌నందును కలవు. ఔను, కాదు అను ఒక్క మాట మరల ఆ దూరమంతయు దాటి పల్నాటి పల్లెకు తిరిగి రావలెను. మిరపకోతలలో వ్రేళ్ళ గీత లరిగిన వృద్ధురాలి ముద్ర సరిపోలకపోవుట వేరు, దారిలోని సర్వరు మౌనము వహించుట వేరు. మొదటిదానికి కంటిపాప గుర్తింపు వంటి మార్గాంతరము కావలెను, రెండవదానికి ఇంజనీరు కావలెను. కాని దుకాణపు మెట్టుపై కూర్చున్న యామెకు రెండింటి ఫలమును ఒక్కటియే: నాటి కూలి పోవుట.

వెనుక ఇంతటి పరస్పరాధీనత లేకుండెను. 1998 నవంబరు 4న కార్డ్ పథకముతో రిజిస్ట్రేషను శాఖలోనికి కంప్యూటర్లు ప్రవేశించిన కాలమున ఏ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు సర్వరు ఆ కార్యాలయమునందే యుండెడిది. ఒక యూరిలోనిది చెడినచో మరియొక యూరి దస్తావేజులు నిలిచిపోయెడివి కావు. సమాచారము కేంద్రీకృతమైన పిమ్మట ఎక్కడి లెక్కయైనను ఎక్కడినుండియైనను చూడగల సౌకర్యము కలిగెను. దానితోపాటు ఎచ్చటనో కలిగిన దోషము నరసరావుపేటను, మాచర్లను ఒక్కసారిగా స్తంభింపజేయు ప్రమాదమును కలిగెను.

దూరమున చెడినదేదో కనిపెట్టు ఆ విద్యకు ఓనమాలు దిద్దినవాడు అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రమందలి సైనిక పరిశోధనాలయమున పనిచేసిన మైక్ మూస్. పంపిన సందేశమును ఉన్నదున్నట్లు తిప్పిపంపుమని యంత్రము నడుగు పద్ధతి 1981లో జాన్ పోస్టెల్ ప్రకటించిన నియమావళిలోనే కలదు. ఆ సందేశము పోయివచ్చు కాలమును కొలిచి మార్గమందలి జాప్యమును తెలిసికొన్న తన అనుభవమును 1983 జూలైలో నార్వేలో జరిగిన సమావేశమున డేవిడ్ మిల్స్ ప్రసంగవశమున చెప్పగా మూస్ వినెను. ఆ డిసెంబరులో తమ నెట్‌వర్కు వింతగా ప్రవర్తింపగా, ఆ మాట జ్ఞప్తికి తెచ్చుకొని, రాత్రి కూర్చుండి సూర్యోదయమునకు ముందే 'పింగ్' అను ప్రోగ్రామును పూర్తిచేసెను. అతడు తొలి సందేశమును పంపకమునుపే సహచరుడొకడు చెడిన పరికరమును కనుగొని బాగుచేసెను. అయినను పింగ్ మూలబడలేదు. నేటికిని అనుమానము కలిగినంతనే నెట్‌వర్కు ఇంజనీరు మొదట ఆశ్రయించునది దానినే.

అయితే యంత్రము పలికినంతమాత్రమున దానిలోని ప్రోగ్రాము పనిచేయుచున్నదని చెప్పరాదు. డేటాబేసు స్తంభించినను, డిస్కు నిండిపోయినను, సర్వరు పింగునకు చక్కగా బదులు చెప్పుచునే యుండవచ్చును. అందుచేత 1988లో, పరికరముల లోపలి లెక్కలను దూరమునుండియే అడిగి తెలిసికొను ఎస్‌ఎన్‌ఎంపీ నియమావళి వెలువడెను. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ 'నెట్‌సెయింట్' అను ప్రోగ్రామును విడుదల చేసెను. అదియే తరువాత 'నాగియోస్' అను పేర ప్రపంచమంతట వ్యాపించినది. దాని విశిష్టత ఏ యంత్రము దేనిపై ఆధారపడియున్నదో ముందుగా చెప్పించుకొనుట.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగరపు నీరు కాలువలకు విడువబడినది మొదలు పల్నాటి రైతు లీ తర్కమును ఎరిగినవారే. చివరి చేలకు నీరందనప్పుడు కాలువను కనిపెట్టుకొనియుండు లస్కరు ఒక్కొక్క పిల్లకాలువను త్రవ్వి చూడడు. ఎగువకు నడిచి, మేజరు కాలువ తూము మూసియున్నదేమో చూచును. నాగియోసును అట్లే, ముందరి రూటరు మూగవోయినచో వెనుకనున్న సర్వర్లన్నిటిని చెడినవానిగా లెక్కింపక, చేరరానివానిగా గుర్తించి, మూలదోషమును ఇంజనీరునకు చూపును.

ఆధారపడుట యెంత ఖరీదైనదో అంకగణితమే చెప్పును. ఒక సర్వరు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు పనిచేసినచో ఏడాదికి మూడున్నర దినములకు పైగా ఆగును. ఇది సహింపదగినదిగనే తోచును. కాని అట్టివి ఐదు వరుసగా నిలిచి, ఐదును పనిచేసిననే సేవ జరుగునట్లును, ఒకదాని దోషముతో మరియొకదానికి సంబంధము లేనట్లును ఉన్నచో, లభ్యత 95 శాతమునకు దిగి, ఏడాదిలో సుమారు 18 దినములు సేవ నిలిచిపోవును. ఐదు కార్యాలయములును తమ తమ నివేదికలలో 99 అని సత్యమే వ్రాయును. ప్రజలకు మాత్రము ఆ సత్యము అనుభవమునకు రాదు.

కావుననే ఈ విద్య మరి రెండు మెట్లెక్కినది. నిజమైన వినియోగదారు చేయు పనినే నిమిష నిమిషమును ఆద్యంతము చేసి చూచు కృత్రిమ పరీక్ష యొకటి. ప్రతి అభ్యర్థనకు ఒక గుర్తుసంఖ్య నిచ్చి, అది ఏ సర్వరులో ఎంతసేపు నిలిచినదో వెంబడించుట రెండవది. 2010లో గూగుల్ ఇంజనీర్లు తమ 'డాపర్' వ్యవస్థను వివరించిన పిమ్మట ఈ రెండవ పద్ధతి లోకమునకు సుపరిచితమైనది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు నరసరావుపేట కేంద్రముగా ప్రత్యేక జిల్లా అయినది. ఇట్టి జిల్లాలలో బియ్యము మొదలు భూమి పత్రముల వరకు సమస్తమును సర్వరుల మాటపై నడుచుచున్నది గనుక, ఏలినవారికి మనవి యొక్కటి: లభ్యతను సర్వరుగదిలో గాక చిట్టచివరి దుకాణములో కొలువుడు, సేవ నిలిచిన గంటలను, కారణములను మండలముల వారీగా ప్రకటింపుడు, సర్వరు మౌనము వహించిన దినమున కార్డుదారును వట్టిచేతులతో పంపక బియ్యమిచ్చు ప్రత్యామ్నాయ విధిని డీలరు చేతికి వ్రాతపూర్వకముగా నిండు.